వీసాకి ఏడాది తయారీ, ఒంటికి ఒక్క పూటైనా లేదు

విదేశాలకి వెళ్ళిన పిల్లల ఆరోగ్యం గురించి విజయవాడలో ఎవరింటికి వెళ్ళినా రెండే మాటలు వినిపిస్తాయి. "అక్కడ కల్తీ లేని తిండి, మంచి గాలి, వాళ్ళకేంటండీ" అనేది ఒకటి. "ఆ బ్రెడ్డు ముక్కలు తిని, ఆ చలిలో పడి ఒళ్ళు గుల్ల చేసుకుంటున్నారు" అనేది రెండోది. ఈ రెండిట్లో దేన్నీ నేను ఒప్పుకోను. తిండి, చలి చిన్న విషయాలని అనడం లేదు. వాటికంటే పెద్ద మార్పు ఒకటి ఉంది. ఇక్కడ మనం అనుకోకుండానే రోజూ జరిగిపోయేవి కొన్ని ఉంటాయి: కాస్త నడక, కాస్త ఎండ, నలుగురి కంట్లో పడటం, మన ఒంటి సంగతి తెలిసిన డాక్టరు. అక్కడ వీటిలో ఏదీ దానంతటది జరగదు. అనుకోవాలి, టైము పెట్టుకోవాలి, ఒక్కోసారి డబ్బు కట్టాలి. ఇల్లు వదిలి వెళ్ళేవాళ్ళకి ఈ సంగతి ముందుగా కూర్చోబెట్టి చెప్పేవాళ్ళు లేరని నా బాధ.

నేను సూర్యారావుపేటలో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో పనిచేస్తాను. డిసెంబర్ మొదలైందంటే సంక్రాంతి వెళ్ళేదాకా మా దగ్గర పొద్దున్నే పరగడుపున కూర్చునేవాళ్ళలో అమెరికా, ఇంగ్లాండ్, ఆస్ట్రేలియా నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఉంటారు. వెంట అమ్మో నాన్నో వస్తారు. "మాకు రాశారు కదా, వీడికి కూడా అన్నీ చేసెయ్యండమ్మా" అంటారు. ఆ రెండు మూడు వారాల సెలవులోనే రక్త పరీక్షలు, పళ్ళ డాక్టరు, కొత్త కళ్ళజోడు, చర్మం డాక్టరు అన్నీ అయిపోవాలి. ఏడాది పొడుగునా వాయిదా వేసిన ఆరోగ్యమంతా పండగ సెలవులో సర్దుకోవాలని చూస్తారు. ల్యాబ్‌కి వచ్చేవాళ్ళని చూసి అందరి సంగతీ తేల్చెయ్యకూడదని నాకు తెలుసు. కానీ శాంపిల్ తీస్తూ మాట్లాడినప్పుడు చెప్పే మాటలు ఒకరివీ ఒకరివీ ఎంత కలుస్తాయో చూస్తే, ఇది ఒక్కొక్కరి బద్ధకం కాదని అర్థమవుతుంది.

ముందు నడక సంగతి. మా చెల్లెలు మొగల్రాజపురంలో పెరిగిన పిల్ల. ఇక్కడ ఉన్నన్నాళ్ళు వ్యాయామం అనే మాట ఎత్తి ఎరగదు. పాల ప్యాకెట్టుకి వెళ్ళేది, మెట్లెక్కి డాబా మీద బట్టలు ఆరేసేది, ఆటో దిగి బీసెంట్ రోడ్డంతా తిరిగేది. ఇప్పుడు షికాగో శివార్లలో ఉంటుంది. ఇంట్లోంచే గ్యారేజీలోకి తలుపు, గ్యారేజీలోంచి కారు, కారులోంచి ఆఫీసు. పాలు వారానికి ఒకసారి కారు డిక్కీలో వస్తాయి. తినే అన్నం మాత్రం ఇక్కడ తిన్నంతే. ఆవకాయ, గోంగూర పచ్చడి మేమే పంపిస్తాం. మరి ఒళ్ళు రాదా? లీడ్స్‌లో ఉన్న నా స్నేహితురాలు బస్సుకీ రైలుకీ నడుస్తూ ఇక్కడున్నప్పటికంటే చురుగ్గా ఉంది. అందుకే "ఫారిన్" అని ఒకే మాటగా చెప్పుకోవడం నాకు నచ్చదు. ఏ దేశం, ఏ ఊరు, ఊళ్ళో ఉంటున్నారా శివార్లలోనా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఒళ్ళు వస్తే మనవాళ్ళకి నష్టం ఎక్కువ. తెల్లవాళ్ళలో బరువు ఎక్కువని చెప్పడానికి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 25 గీత. ఆసియా వాళ్ళకి 23 నుంచే జాగ్రత్తపడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం 2004లోనే చెప్పింది. ఆసియా మూలాలున్నవాళ్ళకి 23 దాటితే షుగర్ పరీక్ష చెయ్యాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి చెబుతోంది. మనవాళ్ళు చూడటానికి సన్నగా ఉంటారు, కొవ్వంతా పొట్ట చుట్టూ, లోపలి అవయవాల చుట్టూ చేరుతుంది. చాలా దేశాల్లో కలిపి చేసిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మొదటిసారి గుండెపోటు వచ్చిన సగటు వయసు దక్షిణాసియా దేశాల్లో 53, మిగతా దేశాల్లో 58.8 అని తేలింది. అది ఇక్కడే ఉన్నవాళ్ళ లెక్క. అంటే వెళ్ళేవాళ్ళు ఆ ముప్పుని ఒంట్లో పెట్టుకునే విమానం ఎక్కుతున్నారు. అక్కడి డాక్టరు 24 బీఎంఐ చూసి "మీరు బాగానే ఉన్నారు" అంటే, "మాకు గీత 23 కదండీ" అని అడగగలిగే జ్ఞానం మన పిల్లలకి ఉండాలి. జీఆర్‌ఈ కోసం అన్ని వేల మాటలు బట్టీ పట్టినవాళ్ళకి ఈ ఒక్క సంఖ్య గుర్తుపెట్టుకోవడం కష్టమేమీ కాదు.

ఎండ గురించి ఒక మాట. విజయవాడ భూమధ్యరేఖకి ఉత్తరంగా పదహారున్నర డిగ్రీల దగ్గర ఉంది. షికాగో దాదాపు 42, లండన్ 51న్నర. చలికాలంలో అంత ఉత్తరాన సూర్యుడు వాలుగా ఉంటాడు. చర్మంలో డి విటమిన్ తయారుచేసే కిరణాలు భూమిదాకా సరిగా చేరవు. పైగా మన చర్మం రంగుకి తెల్లవాళ్ళకంటే ఎక్కువసేపు ఎండ కావాలి. అందుకే బ్రిటన్‌లో చలికాలమంతా రోజుకి 10 మైక్రోగ్రాముల డి విటమిన్ వేసుకోమని ప్రభుత్వమే చెబుతుంది. నల్ల చర్మం ఉన్నవాళ్ళని, మన దక్షిణాసియా వాళ్ళతో సహా, ఏడాదంతా వేసుకునే ఆలోచన చెయ్యమంటుంది. 10 మైక్రోగ్రాములంటే మన మందుల షాపు భాషలో 400 యూనిట్లు. ఇక్కడ వారానికి ఒకటని రాసే 60 వేల యూనిట్ల గోళీలు సూట్‌కేసులో వేసుకుని వెళ్ళి, ఎవరినీ అడక్కుండా నెలల తరబడి మింగేవాళ్ళున్నారు. అది వేరే ప్రమాదం.

అయితే డి విటమిన్ తక్కువని రిపోర్టు వచ్చేవాళ్ళలో ఊరు దాటి వెళ్ళనివాళ్ళు కూడా బోలెడంతమంది. రోహిణి కార్తె ఎండకి రోడ్లు మండే ఈ ఊళ్ళోనే, ఏసీ షోరూముల్లో పొద్దున పదికి వెళ్ళి రాత్రి పదికి బయటపడే అమ్మాయిలకి కూడా తక్కువే ఉంటోంది. ఊళ్ళో ఎండ ఉంటే సరిపోదు, అది ఒంటి మీద పడే వీలు మన రోజులో ఉండాలి. విదేశంలో ఆ వీలు ఒక్కసారిగా పోతుంది, ఇక్కడ మెల్లమెల్లగా పోతోంది.

అన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసింది జపాన్ వాళ్ళ మీద జరిగిన పాత పరిశోధన ఒకటి. జపాన్‌లో ఉన్న జపనీయుల్ని, హవాయిలోని హోనొలులుకి వెళ్ళిపోయినవాళ్ళని, శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో స్థిరపడినవాళ్ళని 1960ల నుంచి పోల్చి చూశారు. గుండెజబ్బు జపాన్‌లో తక్కువ, హవాయిలో అంతకంటే ఎక్కువ, కాలిఫోర్నియాలో ఇంకా ఎక్కువ. రక్తం ఒకటే, ఊరు మారింది. ఇంతవరకూ తిండి అనుకోవచ్చు. కానీ 1976లో మైకేల్ మార్మట్, లియొనార్డ్ సైమ్ అనే పరిశోధకులు కాలిఫోర్నియా వాళ్ళనే విడదీసి చూశారు. అమెరికాలో ఉన్నా జపాన్ పద్ధతిలో, తమవాళ్ళ మధ్య, ఒకరికొకరు దగ్గరగా బతికినవాళ్ళలో గుండెజబ్బు జపాన్‌లో ఉన్నంత తక్కువగానే ఉంది. పూర్తిగా అమెరికా పద్ధతికి మారినవాళ్ళలో అది మూడు నుంచి అయిదు రెట్లు ఎక్కువ. తిండి, సిగరెట్, బీపీ, కొలెస్ట్రాల్ తేడాలు లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా పూర్తిగా పోలేదు. మనుషుల మధ్య ఉండటమనేది షుగర్, బీపీల్లాగే ఒంటికి సంబంధించిన విషయమని నేను గట్టిగా నమ్మడానికి ఇది ఒక కారణం.

రెండో కారణం ఇక్కడ కళ్ళారా చూసేదే. మన ఊళ్ళో మనిషి ముఖం కొంచెం వాడిపోతే ఎంతమంది అడుగుతారో చూడండి. ఎదురింటి ఆంటీ అడుగుతుంది, టిఫిన్ బండి దగ్గర బాబాయ్ అడుగుతాడు, "ఏంట్రా అలా చిక్కిపోయావ్, జ్వరమా" అంటాడు. చిరాకు తెప్పించే ప్రశ్నలే. కానీ ఒక ఇరవై రెండేళ్ళ కుర్రాడు డాలస్‌లోనో కోవెంట్రీలోనో గదిలో మూడు రోజులు జ్వరంతో పడుకుంటే, గదిలో ఉన్న మిగతా ముగ్గురూ తలో షిఫ్టుకి వెళ్ళిపోతే, ఆ ప్రశ్న అడిగేవాళ్ళు లేరు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు కెమెరాకి ముఖం బాగా కనిపించేలా పెట్టుకుని "బానే ఉన్నానమ్మా" అంటాడు. అప్పు తీసుకుని పంపించారు, వాళ్ళకి టెన్షన్ పెట్టకూడదని అనుకుంటాడు. అది ప్రేమే. కాని ఆ ప్రేమ వల్లనే నిద్ర పట్టని సంగతి, ఆకలి లేని సంగతి, ఏమీ చెయ్యాలనిపించని సంగతి నెలల తరబడి లోపలే ఉండిపోతుంది. లండన్‌లో డిసెంబర్‌లో నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది. దిగులు మనుషులకి ఆ నెలలు మరీ కష్టం. ఆ కాలపు దిగులుకి వైద్యంలో పేరుంది, చికిత్స ఉంది. దిగులు భరించలేకపోతే సాయం కోసం అమెరికాలో 988కి ఫోన్ చెయ్యొచ్చు, ఇంగ్లాండ్‌లో 111కి చేసి 2 నొక్కొచ్చు. ఇక్కడ ఉన్న అమ్మానాన్నలకి కూడా మనసు బాగోలేనప్పుడు ఫోన్‌లో సలహా ఇచ్చే 14416 టెలీమానస్ ఉంది, పిల్లల మీద బెంగతో నిద్రలేనివాళ్ళు వాడుకోవచ్చు.

నిద్ర మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. షికాగోకీ మనకీ చలికాలంలో పదకొండున్నర గంటల తేడా. అక్కడివాళ్ళు సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే ఇంటికి ఫోన్, రాత్రి పడుకునే వేళకి హైదరాబాద్ టీమ్‌తో ఆఫీసు కాల్. ఇక్కడ అమ్మ తెల్లవారుజామున లేచి ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుంటుంది. రెండు ఇళ్ళల్లోనూ నిద్ర పాడవుతోంది. వారానికి రెండు రోజులు తీరిగ్గా మాట్లాడుకుని మిగతా రోజులు మెసేజ్‌తో సరిపెట్టుకుంటే ప్రేమలు తగ్గిపోవు.

ఇక డాక్టర్లు. సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో ఉండే సౌకర్యం ఎంత అరుదైనదో అక్కడికి వెళితేగాని తెలియదు. పొద్దున రక్తం ఇస్తే సాయంత్రానికి రిపోర్టు, ఆ రాత్రికే స్పెషలిస్టు. అక్కడ చాలాచోట్ల ముందు జనరల్ డాక్టరు, ఆయన రాస్తేనే స్పెషలిస్టు, దానికి వారాలు, కొన్నిచోట్ల నెలలు. జ్వరానికి వెళితే పారాసిటమాల్ వేసుకుని నీళ్ళు తాగమని పంపించేస్తారు. "మందే ఇవ్వలేదు, అదేం వైద్యమండీ" అని మనవాళ్ళు కోప్పడతారు. ఈ విషయంలో నేను అక్కడి డాక్టర్ల పక్షమే. వైరల్ జ్వరానికి యాంటీబయాటిక్ పనిచెయ్యదు. ఇక్కడ 2014 నుంచి చాలా యాంటీబయాటిక్‌లకి డాక్టరు రాస్తేనే అమ్మాలనే హెచ్1 రూల్ ఉన్నా, చీటీ లేకుండా అడిగితే ఇచ్చే షాపులు కనిపిస్తూనే ఉన్నాయి. ఆ అలవాటుని సూట్‌కేసులో మందుల సంచి రూపంలో దేశం దాటించడం మంచిది కాదు. మన డోలోలో ఉండే పారాసిటమాలే అమెరికాలో టైలెనాల్ అనే పేరుతో దొరుకుతుంది, లోపలి మందు పేరుని అక్కడ అసిటమినోఫెన్ అంటారు. రెండూ వేరనుకుని రెండూ మింగితే లివర్‌కి దెబ్బ. ట్రామడాల్ లాంటి నొప్పి మాత్రలు దుబాయ్‌కి అనుమతి లేకుండా తీసుకెళితే కేసవుతుంది. మసాలాలో వేసే గసగసాలకి కూడా అక్కడ అదే గతి.

నేను వాళ్ళని తప్పుపట్టేది డబ్బు భయం పెట్టే పద్ధతి గురించి, అది ముఖ్యంగా అమెరికా సంగతి. ఇన్సూరెన్స్ ఉన్నా చాలా ప్లాన్లలో ముందు కొంత డబ్బు, ఒక్కోసారి వేల డాలర్లు, మన జేబులోంచే పోవాలి. మా చెల్లెలి భర్తకి ఒక రాత్రి గుండెల్లో పట్టేసినట్టయితే ముందు మాకు ఫోన్ చేశారు. అంబులెన్స్ పిలిస్తే బిల్లెంత అవుతుందో అని ఆలోచిస్తున్నారు. 911కి చెయ్యమని ఇక్కడినుంచి మేం అరవాల్సి వచ్చింది. దేవుడి దయవల్ల గుండె బాగానే ఉంది, బిల్లు మాత్రం నెలల తరబడి విడతలుగా వస్తూనే ఉంది. ఇంకోసారి అలా అయినా అదే చెయ్యమంటాను. గుండెనొప్పికి విజయవాడకి ఫోన్ చెయ్యకూడదు. బ్రిటన్‌లో ఇంకో రకం నష్టం చూస్తున్నాను. విద్యార్థి వీసాతోపాటే ఏడాదికి 776 పౌండ్ల చొప్పున ఆరోగ్య రుసుము ముందే కట్టించుకుంటారు. అంత కట్టి, అక్కడికి వెళ్ళాక జీపీ (అక్కడి జనరల్ డాక్టరు) దగ్గర పేరు నమోదు చేసుకోని పిల్లలున్నారు. అది ఉచితం, ఒక ఫారం నింపితే చాలు. జబ్బు చేసిన రోజున గుర్తొస్తుంది.

రిపోర్టుల గురించి నా వృత్తి కొద్దీ కొంచెం ఎక్కువ చెప్పాలి. మన దగ్గర, అమెరికాలో షుగర్‌ని మిల్లీగ్రాముల్లో కొలుస్తారు. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల్లో మిల్లీమోల్స్‌లో కొలుస్తారు. వాళ్ళ 7 అంటే మన 126, పరగడుపున అది షుగర్ జబ్బు మొదలైన గీత. మూడు నెలల షుగర్ మనకి 6.5 అయితే బ్రిటన్ రిపోర్టులో 48 అని ఉంటుంది. డి విటమిన్ దగ్గర అయితే పొరపాటుకి చాలా వీలుంది. మన దగ్గర 30 అంటే చాలని అర్థం. బ్రిటన్‌లో దీని యూనిట్ వేరు, బర్మింగ్‌హామ్ రిపోర్టులో 30 అంటే, మన లెక్కలో 12. బాగా తక్కువ. ఫోన్‌లో కొడుకు "ముప్పై వచ్చింది నాన్నా" అంటే, ఇక్కడ నాన్నగారు తన రిపోర్టు చూసుకుని "పర్లేదురా, సరిపోయింది" అంటారు. ఇలాంటివి విన్నప్పుడు నాకు నిజంగా భయమేస్తుంది. రిపోర్టు ఫోటో పంపించమనండి, సంఖ్య పక్కన యూనిట్ చూడండి.

అక్కడ బాగుపడేవి కూడా ఉన్నాయి, వాటిని దాచి వాదించడం న్యాయం కాదు. చాలా ఊళ్ళల్లో కుళాయి నీళ్ళు నేరుగా తాగొచ్చు. ఇంగ్లాండ్‌లో 25 నుంచి 64 ఏళ్ళ ఆడవాళ్ళకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షకి రమ్మని పిలుపు వస్తుంది, పైసా ఖర్చు లేకుండా. లీడ్స్‌లో ఉన్న నా స్నేహితురాలు అలా చేయించుకుంది. ఇక్కడే ఉన్న వాళ్ళ అక్క, అదే చదువు చదివిన మనిషి, ఈరోజుకీ చేయించుకోలేదు. పక్కనే ఇన్ని ఆసుపత్రులుండి కూడా ఆవిడదాకా అలాంటి పిలుపు రాలేదు.

సెలవుకి వచ్చేటప్పుడు మాత్రం "మన నీళ్ళే కదా" అనే ధీమా వద్దు. ఏళ్ళ తరబడి దూరంగా ఉన్న ఒంటికి పాత అలవాటు పోతుంది, అక్కడ పుట్టిన పిల్లలకి అసలు ఉండదు. 2018లో గుంటూరులో తాగునీళ్ళలో మురుగు కలిసి ఎంతమంది అతిసారంతో ఆసుపత్రి పాలయ్యారో మనం మర్చిపోలేదు. సొంత ఊళ్ళకి చుట్టపుచూపుగా వెళ్ళేవాళ్ళే టైఫాయిడ్ తెచ్చుకోవడం ఎక్కువని అక్కడి డాక్టర్లు చెబుతారు. బయల్దేరేముందు టైఫాయిడ్ టీకా వేయించుకుని రావాలి. బామ్మగారింట్లో అయినా పిల్లలకి కాచిన నీళ్ళే ఇవ్వాలి, బామ్మలు నొచ్చుకోకూడదు.

బెంజ్ సర్కిల్ నుంచి లబ్బీపేట దాకా ఉన్న కన్సల్టెన్సీలు పిల్లలకి మాక్ ఇంటర్వ్యూలు చేయిస్తాయి, బ్యాంకు కాగితాలు సరిచూస్తాయి, ఏ సూట్‌కేసులో ఎన్ని కిలోలో కూడా చెబుతాయి. ప్రయాణానికి ముందు పెట్టే మీటింగులో ఒక గంట ఆరోగ్యానికి ఇవ్వమని వాళ్ళని అడుగుతున్నాను. పళ్ళు ఇక్కడే బాగు చేయించుకోవడం, టీకాల కాగితాలు, ఇన్సూరెన్స్‌లో ఏముంది ఏం లేదు, ఎమర్జెన్సీ నంబరు, జీపీ ఫారం, వాడే మందు లోపలి పేరు. వెళ్ళేముందు రక్త పరీక్షలు అంటే వేల రూపాయల ప్యాకేజీ అక్కర్లేదు. ఏ లక్షణమూ లేని కుర్రాడికి ట్యూమర్ మార్కర్లు (రక్తంలో క్యాన్సర్ ఆనవాళ్ళు వెతికే పరీక్షలు) చేయించడం డబ్బు దండగ, పైగా లేనిపోని భయం. హిమోగ్లోబిన్, షుగర్, ఇంట్లో ఎవరికైనా చిన్నవయసులో గుండెజబ్బు ఉంటే కొలెస్ట్రాల్, శాకాహారులకి బి12, అంతకుమించి కావాలంటే డాక్టరు చెప్పాలి. ఏ కన్సల్టెన్సీ అయినా, కాలేజీ అయినా ఆ గంట ఇస్తే నేను సెలవు పెట్టుకుని వచ్చి చెబుతాను. డబ్బేమీ వద్దు. రిపోర్టు ఎలా చదవాలో, ఏ పరీక్ష అక్కర్లేదో రెండూ చెబుతాను.